జింఖానాలోకి గుర్రం ఎలా వచ్చింది?

సికింద్రాబాద్‌లో జింఖానా ఎక్కడని అడిగితే క్రికెట్ మైదానానికి దారి చూపిస్తారు. 2022 సెప్టెంబరులో భారత్-ఆస్ట్రేలియా మ్యాచ్ టికెట్ల కోసం తొక్కిసలాట జరిగింది అక్కడే. అదే మాట ఇంగ్లండులో అంటే పోనీలనే పొట్టి గుర్రాలెక్కిన పిల్లల ఆటల పోటీ. వరసగా పాతిన కర్రల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ గుర్రాన్ని పరుగెత్తించాలి, చెంచాలో గుడ్డు జారకుండా స్వారీ చేయాలి, మధ్యలో దిగి గోనెసంచిలో కాళ్లు పెట్టుకుని గెంతాలి. చూడ్డానికి భలే సరదా.

మాటలో మాత్రం గుర్రం లేదు. ఉన్నది బంతి. హిందీలో గేంద్ అంటే బంతి, ఖానా అంటే ఇల్లు. ఖానా పారశీకం నుంచి వచ్చింది. దవాఖానా, కార్ఖానా అని రోజూ అనే మనకి దాన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. దొరలు రాకెట్లు పట్టుకుని ఆడుకునే కట్టడాన్ని ఉత్తరాదిలో గేంద్‌ఖానా అనేవారు. దొరల చెవికి గేంద్ కాస్తా తమ జిమ్నాస్టిక్స్‌లోని జిమ్‌లా వినిపించిందో, వాళ్లే అలా మార్చుకున్నారో గానీ, జింఖానా పుట్టింది. ఆ జిమ్ మూలం గ్రీకు. అక్కడ దానర్థం నగ్నంగా అని! ఒళ్లంతా కప్పుకుని తిరిగిన విక్టోరియా కాలపు దొరలకి ఇది తగిన మాటే మరి.

ఆంగ్లో-ఇండియన్ మాటలకి 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు దీన్ని కల్పించిన మాట అనే తేల్చింది. బొంబాయి ప్రెసిడెన్సీలో పుట్టి ఉంటుందని ఊహించినా, దొరికిన తొలి జాడ మాత్రం 1861 నాటిది, ఉత్తరాదిలోని రూర్కీ పట్టణంది. బొంబాయి జింఖానా 1875లో వెలిసింది, అదీ తెల్లవాళ్లకే. తర్వాత పార్సీలు, హిందువులు, ముస్లింలు ఎవరి జింఖానా వాళ్లు పెట్టుకున్నారు. మన గడ్డ మీద తొలి టెస్టు 1933 డిసెంబరులో బొంబాయి జింఖానాలోనే జరిగింది. లాలా అమర్‌నాథ్ సెంచరీ కొట్టింది అందులోనే. మనకి జింఖానా అంటే క్రికెట్ గుర్తుకు రావడంలో వింతేముంది?

గుర్రం వచ్చింది ఇంకో దారిన. మొదట చోటుకున్న పేరు, ఆ చోట జరిగే ఆటల పోటీలకీ అంటుకుంది. కంటోన్మెంట్ అధికారులకి గుర్రాలకేం కొదవ? ఆటల్లో స్వారీ పందేలూ కలిశాయి. ఆ అర్థంతోనే మాట సముద్రం దాటింది. ఇంగ్లండు చేరేసరికి టెన్నిస్, రాకెట్లు జారిపోయి, గుర్రం మిగిలింది. 1929లో మొదలైన పోనీ క్లబ్ పిల్లలకి ఈ ఆటలు అలవాటు చేసింది. 1957 నుంచి ప్రిన్స్ ఫిలిప్ పేరిట కప్పు కూడా పెట్టారు. అమెరికా వాళ్లు అందులోకి పీపాల చుట్టూ గుర్రాన్ని తిప్పే పందెం చేర్చుకున్నారు.

ఇప్పుడు కార్ల పోటీల్లోనూ జింఖానా ఉంది. ప్లాస్టిక్ కోన్ల మధ్య టైర్లు అరిగేలా బండిని గిరగిరా తిప్పుతారు. అందులో గుర్రమూ లేదు, బంతీ లేదు.