నయోబ్రేరా కౌంటీకి ఒక సీటు: అమెరికా పల్లె నియోజకవర్గాల వెనుక కథ

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రం తూర్పు అంచున నయోబ్రేరా అనే కౌంటీ (మన జిల్లా లాంటిది) ఉంది. 2,600 చదరపు మైళ్లకు పైగా విస్తీర్ణం. 1980 జనగణనలో అక్కడ తేలిన జనం 2,924. కౌంటీ కేంద్రం లస్క్ అనే చిన్న ఊరు. ఇంత కొద్దిమందికి రాష్ట్ర శాసనసభలో సొంతంగా ఒక ప్రతినిధి ఉండాలా, వద్దా? ఈ గొడవ 1983లో ఏకంగా సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఒక్క సీటు కోసం అంత రభస ఎందుకో తెలియాలంటే 1901 దాకా వెనక్కి వెళ్లాలి.

అక్కడ రాష్ట్ర శాసనసభ నియోజకవర్గాల హద్దులు గీసేది చాలా రాష్ట్రాల్లో శాసనసభ్యులే. మనకున్న డీలిమిటేషన్ కమిషన్ లాంటిది అన్నిచోట్లా లేదు. పదేళ్లకోసారి జనగణన అయ్యాక సీట్లు మళ్లీ పంచాలని చాలా రాష్ట్రాల రాజ్యాంగాల్లో రాసి ఉంటుంది. కానీ కొత్తగా పంచితే పోయేది తమ సీటే అని తెలిసినవాళ్లు ఆ పనికి ఎందుకు పూనుకుంటారు? టెన్నెసీలో 1901 తర్వాత అరవై ఏళ్లపాటు పూనుకోలేదు. ఈలోగా ఓటు హక్కు ఉన్నవాళ్లు 4,87,380 నుంచి 20,92,891కి పెరిగారు. పెరిగింది ఎక్కువగా పట్నాల్లో. 1920 జనగణనకే అమెరికా జనాభాలో సగానికి పైగా పట్టణవాసులయ్యారు. సీట్లు మాత్రం పాత లెక్క ప్రకారం పల్లెల్లోనే ఉండిపోయాయి. చివరికి టెన్నెసీ ఓటర్లలో 37 శాతం మంది రాష్ట్ర ఎగువసభ అయిన సెనేట్‌లోని 33 మందిలో 20 మందిని, 40 శాతం మంది దిగువసభలోని 99 మందిలో 63 మందిని ఎన్నుకునే స్థితి వచ్చింది.

మిగతా రాష్ట్రాల లెక్కలు ఇంకా విడ్డూరం. వెర్మాంట్ దిగువసభలో జనంతో పని లేకుండా ఊరికొక సీటు. 1960లో స్ట్రాటన్ అనే ఊళ్లో ఉన్నది 24 మంది. వాళ్లకూ ఒక సభ్యుడే, 35,531 మంది ఉన్న బర్లింగ్టన్ నగరానికీ ఒక సభ్యుడే. కాలిఫోర్నియా సెనేట్‌లో 60 లక్షలు దాటిన లాస్ ఏంజిలస్ కౌంటీకి ఒక్క సెనేటర్. ఆల్పైన్, ఇన్యో, మోనో అనే మూడు కొండ కౌంటీలకు కలిపి 14,294 మంది ఉంటే వాళ్లకూ ఒక సెనేటరే. 1948లో ఈ కాలిఫోర్నియా ఏర్పాటును మార్చే ప్రతిపాదన వస్తే ఆనాటి గవర్నర్ అర్ల్ వారెన్ దాన్ని వ్యతిరేకించారు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

టెన్నెసీలోని మెంఫిస్ ప్రాంతానికి చెందిన చార్ల్స్ బేకర్, మరికొందరు కోర్టుకు వెళ్లారు. ఇలాంటివి రాజకీయ వ్యవహారాలు, మేం వేలు పెట్టం అని సుప్రీంకోర్టు 1946లో ఒక కేసును తోసిపుచ్చి ఉంది. 1962 మార్చిలో బేకర్ కేసులో మాత్రం ఆరుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ఇద్దరు మరోవైపు నిలిచి, ఇది కోర్టు విచారించదగ్గ విషయమేనని తేల్చారు. తీర్పు రాసింది జస్టిస్ బ్రెన్నన్. హద్దులు ఎలా ఉండాలో ఈ తీర్పు చెప్పలేదు, కోర్టు తలుపు మాత్రం తెరిచింది. ఆ తలుపులోంచి వచ్చినవాటిలో అన్నిటికన్నా పెద్దది అలబామా కేసు.

అలబామా కూడా 1901 లెక్కలతోనే నడుస్తోంది. బర్మింగ్‌హామ్ నగరం ఉన్న జెఫర్సన్ కౌంటీలో ఆరు లక్షలకు పైగా జనం, ఒక సెనేటర్. లౌండ్స్ కౌంటీలో 15,417 మంది, ఒక సెనేటర్. పల్లె వాళ్ల మాటకు నలభై రెట్ల బరువు అని సులువుగా అనేయొచ్చు. చాలామంది అలాగే అన్నారు కూడా. కానీ ఏ పల్లె వాళ్లది? లౌండ్స్ జనాభాలో దాదాపు 80 శాతం నల్లజాతివారు. 1965 మొదట్లో ఓటర్ల జాబితాలో వాళ్లలో ఒక్కరి పేరూ లేదు. 1901 నాటి అలబామా రాజ్యాంగం ఓటు పన్ను, చదువు పరీక్ష లాంటివి అడ్డం పెట్టి వాళ్లను పోలింగ్ దగ్గరికి రాకుండా చేసింది. సీటు లెక్క కట్టేటప్పుడు తలలు లెక్కలోకి వచ్చేవి, ఓటేసేటప్పుడు వచ్చేవి కావు. ఆ నలభై రెట్ల బరువు నిజానికి కొద్దిమంది తెల్ల భూస్వాముల చేతిలో ఉండేది. పల్లెకు ఎక్కువ ప్రాతినిధ్యం ఉండేదని చెప్పుకునే పాత రోజుల్ని తలచుకున్నప్పుడల్లా నాకు ముందు లౌండ్స్ గుర్తొస్తుంది.

1964 జూన్ 15న తీర్పు వచ్చింది. రాష్ట్ర చట్టసభల్లో రెండు సభలకూ జనాభా ప్రాతిపదికనే సీట్లు ఉండాలి, నియోజకవర్గాలు వీలైనంత సమానంగా ఉండాలి అన్నారు ఎనిమిది మంది. ఒక్క జస్టిస్ హార్లన్ కాదన్నారు. శాసనసభ్యులు ప్రాతినిధ్యం వహించేది మనుషులకే గానీ చెట్లకో ఎకరాలకో కాదని తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి ఎవరనుకున్నారు? ఆ అర్ల్ వారెనే.

పల్లె ప్రాంతాల నాయకులు ఊరుకోలేదు. ఒక సభనైనా జనాభాతో సంబంధం లేకుండా ఉంచుకునే వీలు కల్పిస్తూ రాజ్యాంగ సవరణ తేవాలని కేంద్ర చట్టసభ సెనేటర్ ఎవరెట్ డర్క్‌సెన్ పట్టుబట్టారు. 1965లో ఆ సెనేట్‌లో 57 మంది అవునన్నారు, 39 మంది కాదన్నారు. సవరణకు కావలసిన మూడింట రెండొంతులు రాలేదు. తర్వాత అదే సవరణ కోసం రాష్ట్రాల చేత రాజ్యాంగ సదస్సు అడిగించే ప్రయత్నం జరిగింది. 34 రాష్ట్రాలు కావాల్సి ఉండగా 33 దగ్గర ఆగింది. అప్పటికి కొత్త హద్దులతో గెలిచినవాళ్లు సభల్లో కూర్చున్నారు. వాళ్లకు పాత పద్ధతి మీద మోజు ఎందుకుంటుంది?

ఇక నయోబ్రేరా. ప్రతి కౌంటీకీ కనీసం ఒక ప్రతినిధి ఉండాలని వయోమింగ్ రాజ్యాంగం 1890లో రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచీ చెబుతోంది. 1981లో సీట్లు పంచినప్పుడు సభ్యుల సంఖ్య 64. సగటున ఒక్కో సభ్యుడికి 7,337 మంది రావాలి. నయోబ్రేరాలో ఉన్నది అందులో సగం కూడా కాదు. అయినా సీటు ఇచ్చారు. పెద్ద కౌంటీల్లో ఉండే కొందరు, లీగ్ ఆఫ్ విమెన్ ఓటర్స్ అనే మహిళా ఓటర్ల సంఘం సభ్యులు, దాన్ని సవాలు చేశారు. ఆడవాళ్లకు ఓటు ఇవ్వడంలో ముందున్నందుకు వయోమింగ్‌కు ‘సమానత్వ రాష్ట్రం’ అనే ముద్దుపేరు ఉంది. ఓటు సమానత్వం మీద కేసు పడ్డది ఆ రాష్ట్రం మీదే!

1983 జూన్‌లో నయోబ్రేరా గెలిచింది, అయిదుకు నాలుగు తేడాతో. కాకపోతే గెలుపులో మెలిక ఉంది. కేసు వేసినవాళ్లు మొత్తం పంపకాన్ని తప్పు పట్టలేదు, ఈ ఒక్క సీటునే పట్టుకున్నారు. ఆ సీటు తీసేసినా మిగతా నియోజకవర్గాల మధ్య గరిష్ఠ తేడా 66 శాతం ఉండనే ఉంటుంది, ఉంచితే 89 అవుతుంది. ఎవరి మీదా పక్షపాతం లేకుండా ఎప్పట్నుంచో పాటిస్తున్న కౌంటీ హద్దుల కోసం ఈ ఒక్క సీటు ఇవ్వడం తప్పు కాదంది కోర్టు. గెలిపించిన అయిదుగురిలో ఇద్దరు, ఓకానర్, స్టీవెన్స్, రాష్ట్రమంతటికీ ఇంత తేడా ఉన్న పంపకం మా ముందుకొస్తే నిలబడేది అనుమానమేనని విడిగా రాశారు. కాదన్న నలుగురి తరఫున రాసింది బ్రెన్నన్. తలుపు తెరిచిన మనిషే.

ఓకానర్ అనుమానం ఎనిమిదేళ్లకు నిజమైంది. 1991లో వయోమింగ్‌లోని మొత్తం పంపకాన్నే కొందరు సవాలు చేస్తే ఫెడరల్ కోర్టు ఆ పంపకాన్ని కొట్టేసింది. కౌంటీకొక సీటు అన్న మాట రాష్ట్ర రాజ్యాంగంలో ఉన్నా చెల్లదంది. 1992 నుంచి కౌంటీ హద్దులతో నిమిత్తం లేకుండా ఒక్కో సభ్యుడికి ఒక్కో నియోజకవర్గం వచ్చింది. నయోబ్రేరా పక్క కౌంటీల వాళ్లతో కలిసి ఓటేస్తోంది. పల్లె సీట్లు మరీ సాగిపోకుండా చూడాలన్న పట్టుదల మాత్రం చావలేదు. 2022లో, అప్పటికి 60 ఉన్న దిగువసభ సీట్లను 62 చేశారు, సెనేట్‌లో 30ని 31 చేశారు.

కేసు ఓడిన పల్లెల బాధ నాకు కొంత అర్థమవుతుంది. వాళ్లకు కావలసింది ఎక్కువ ఓటు కాకపోవచ్చు. బడి మూతపడితే పిల్లలు ఎంత దూరం వెళ్లాలో, మంచులో రోడ్డు మూసుకుపోతే ఏమవుతుందో తెలిసిన మనిషి సభలో ఉండాలనుకున్నారు. రెండు మూడు కౌంటీలు కలిసిన సీటులో ఆ మనిషి ఎప్పుడూ పక్క కౌంటీ నుంచే రావొచ్చు.

2020లో నయోబ్రేరా జనాభా 2,467కి తగ్గింది. ఆ లెక్కలో లస్క్‌లోని రాష్ట్ర మహిళా జైలులో ఉన్నవాళ్లూ ఉన్నారు. ఖైదీని ఏ జైల్లో ఉంటే ఆ ఊరి మనిషిగానే జనగణన లెక్కేస్తుంది. మేరీలాండ్, న్యూయార్క్ 2010లో చట్టాలు చేసి, నియోజకవర్గాలు గీసేటప్పుడు ఖైదీలను సొంత ఊళ్ల లెక్కలోకి మార్చాయి. వయోమింగ్ మార్చలేదు. రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చిన ఆ ఆడవాళ్లు ఆ సీటు లెక్కలో ఉంటారు. పెద్ద నేరానికి శిక్ష అనుభవిస్తున్నంత కాలం అక్కడ ఓటు మాత్రం ఉండదు.