హంఫ్రీ పక్కన రెండో పేరు

అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్. దాని అధిపతి ఏడాదికి రెండుసార్లు కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) కమిటీల ముందు కూర్చుని జవాబులు చెప్పాలి. వడ్డీ రేట్ల మీద ఏం నోరు జారతారోనని ఆ రోజు మార్కెట్లకు టెన్షన్. వాల్‌స్ట్రీట్ చాలాకాలం దీన్ని ‘హంఫ్రీ-హాకిన్స్ హియరింగ్’ అనే పిలిచింది. ఉపాధ్యక్షుడిగా చేసిన హ్యూబర్ట్ హంఫ్రీ అందరికీ తెలుసు. హాకిన్స్ ఎవరంటే మాత్రం తడుముకోవాల్సిందే.

అగస్టస్ హాకిన్స్ 1907లో లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో పుట్టారు, లాస్ ఏంజెలెస్‌లో పెరిగారు. నల్లజాతివారే అయినా, మేని ఛాయ చూసి చాలామంది తెల్లవాడే అనుకునేవారు. 1931లో, మహామాంద్యం నడిమధ్యలో, అక్కడి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూసీఎల్‌ఏ) నుంచి ఎకనామిక్స్ పట్టా పుచ్చుకున్నారు. 1934లో కాలిఫోర్నియా అసెంబ్లీకి నిలబడి ఫ్రెడరిక్ రాబర్ట్స్‌ను ఓడించారు. రాబర్ట్స్ ఆ రాష్ట్రంలో తొలి నల్లజాతి శాసనసభ్యుడు, రిపబ్లికన్. లింకన్ పార్టీ అని తరాలుగా అటే ఓటేసిన నల్లవారు డెమొక్రాట్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వైపు మళ్లుతున్న రోజులవి. హాకిన్స్ కూడా డెమొక్రాటే.

అసెంబ్లీలో ఆయన 28 ఏళ్లు ఉన్నారు. ఉద్యోగాల్లో జాతి వివక్షను నిషేధించాలని 1940లలోనే బిల్లు పెట్టారు. అది చట్టమయ్యేసరికి 1959 వచ్చింది. ఓపికకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

1962లో కాలిఫోర్నియా నుంచి కాంగ్రెస్‌కు గెలిచిన తొలి నల్లజాతి సభ్యుడయ్యారు. 1964 పౌరహక్కుల చట్టంలో ఉద్యోగ వివక్షను నిషేధించిన ఏడో అధ్యాయం వెనుక ఆయన కృషి ఉంది. దాన్ని అమలు చేయడానికి సమాన ఉపాధి అవకాశాల కమిషన్ పెట్టారు గానీ, దానికి కోరలు లేవు. ఫిర్యాదు వస్తే ఇరుపక్షాలనూ పిలిచి రాజీ కుదర్చడమే దాని పని. యజమాని మొండికేస్తే కోర్టుకు ఈడ్చే అధికారం 1972 దాకా రాలేదు. ఈలోగా 1965 ఆగస్టులో హాకిన్స్ నియోజకవర్గంలోని వాట్స్ ప్రాంతం ఆరు రోజులు అల్లర్లతో తగలబడింది. 34 మంది చనిపోయారు. పోలీసుల తీరుతో పాటు నిరుద్యోగం కూడా ఆ మంటకు ఆజ్యం పోసింది.

అసలు ఉద్యోగాలే లేనప్పుడు వివక్ష నిషేధంతో ఒరిగేదేమిటి? 1974లో ఆయన తెచ్చిన బిల్లు ఈ ప్రశ్నకే జవాబు. పని కోరినవారికి పని చూపాల్సింది ప్రభుత్వమే, చూపకపోతే కోర్టుకెక్కొచ్చు అన్నది దాని ప్రాణం. ద్రవ్యోల్బణం భయంతో నాలుగేళ్లలో ఆ ప్రాణం కాస్తా తీసేశారు. సెనేట్‌లో ఆ బిల్లును భుజాన వేసుకున్న హంఫ్రీ 1978 జనవరిలో కన్నుమూశారు. అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన హంఫ్రీ-హాకిన్స్ చట్టంలో మిగిలింది లక్ష్యాలు, నివేదికలే. నిరుద్యోగాన్ని 1983 కల్లా 4 శాతానికి దించాలని రాసుకున్నారు. 1982 చివర్లో అది 10.8 శాతం. లక్ష్యం తప్పినందుకు ఎవరికీ ఏ శిక్షా లేదు. మార్కెట్లు చెవులు రిక్కించి వినే ఆ హియరింగ్, ఫెడరల్ రిజర్వ్ కాంగ్రెస్‌కు ఇవ్వాల్సిన ఈ నివేదికల నుంచి పుట్టిందే. పనిలేనివాడి కోసం రాసిన చట్టం మదుపరులకు పనికొచ్చిందనడం కటువే, కానీ అబద్ధం కాదు.

1984 నుంచి హాకిన్స్ విద్య, కార్మిక కమిటీకి ఛైర్మన్. కోర్టులో వివక్షను రుజువు చేయడం కష్టతరం చేస్తూ 1989లో సుప్రీంకోర్టు వరుస తీర్పులిచ్చింది. వాటిని సరిదిద్దడానికి సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీతో కలిసి ఆయన 1990లో తెచ్చిన బిల్లును అధ్యక్షుడు బుష్ వీటో చేశారు. వీటోను తోసిపుచ్చడానికి సెనేట్‌లో ఒక్క ఓటు తక్కువైంది. 1991 జనవరిలో హాకిన్స్ పదవీ విరమణ చేశారు. అదే ఏడాది నవంబరులో, కొన్ని సవరణలతో వచ్చిన బిల్లుపై అదే బుష్ సంతకం పెట్టారు.