కెచప్, బార్బెక్యూ సాస్: అపోహలు, వాస్తవాలు, ఉప్పు లెక్క

బీపీ ఉన్నవాళ్లను "రోజుకు ఉప్పు ఎంత తింటున్నారు?" అని అడిగితే కూరలో, పప్పులో వేసేది చెబుతారు. గుచ్చి అడిగితే పెరుగన్నంలో కలుపుకొనే ఉప్పు, ఆవకాయ గుర్తొస్తాయి. సీసాలోంచి వంపుకొని నంజుకున్నవి మాత్రం ఎవరి లెక్కలోకీ రావు. శాండ్‌విచ్ మీద కెచప్, సమోసా పక్కన కెచప్, వారాంతంలో గ్రిల్ చేసిన చికెన్‌కు బార్బెక్యూ సాస్. డైటీషియన్‌గా ఎవరికైనా డైట్ చార్ట్ రాసే ముందు ఈ సీసాల సంగతి నేను తప్పకుండా అడుగుతాను. అప్పుడు వినిపించే మాటల్లో ముఖ్యమైనవి ఇవి.

అపోహ: కెచప్ అంటే టమాటాయే కదా, ఆరోగ్యానికి మంచిదే.

ఇందులో కొంత నిజం లేకపోలేదు. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ పచ్చి టమాటా నుంచి కంటే ఉడికి చిక్కబడిన టమాటా నుంచి మన ఒంటికి బాగా అందుతుంది. 100 గ్రాముల పచ్చి టమాటాలో ఇది సుమారు 2.5 మిల్లీగ్రాములు ఉంటే, 100 గ్రాముల కెచప్‌లో 12 మిల్లీగ్రాముల దాకా, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అయితే 100 గ్రాముల కెచప్ ఎవరూ తినరు, తినకూడదు కూడా. ఒక టేబుల్‌స్పూన్ అంటే 17 గ్రాములు. అందులో వచ్చే లైకోపీన్ రెండు మిల్లీగ్రాములు. దానితోపాటు దాదాపు 4 గ్రాముల చక్కెర, 150 నుంచి 180 మిల్లీగ్రాముల సోడియం (ఉప్పులో బీపీ పెంచే భాగం) వస్తాయి. లైకోపీన్ ఒంటికి పట్టాలంటే కాస్త నూనె కూడా ఉండాలి. నూనెలో మగ్గిన టమాటా మన పప్పులో, పచ్చడిలో, చారులో రోజూ ఉంటూనే ఉంది. దాని కోసం తెలుగువాళ్లు కెచప్ దగ్గరకు వెళ్లాల్సిన పని లేదు.

కెచప్‌ను కూరగాయల పద్దులో రాయబోయారన్న గొడవ అమెరికాలో నిజంగానే జరిగింది. 1981లో బడి భోజనాల ఖర్చు తగ్గించే క్రమంలో, ఊరగాయ లాంటి నంజుడు పదార్థాలను కూరగాయల వాటాగా లెక్కించే వీలు కల్పిస్తూ ప్రభుత్వం ఒక ముసాయిదా తెచ్చింది. "కెచప్ కూడా కూరగాయేనా?" అని జనం మండిపడటంతో వెనక్కి తీసుకుంది. జనం కోపం న్యాయమైనదే. స్పూనుడు కెచప్ పిల్లల కంచంలో కూరకు బదులు కాదు.

అపోహ: తియ్యగా ఉంది కాబట్టి ఉప్పు తక్కువే.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే అపోహ ఇది. తీపి, పులుపు బలంగా ఉన్నచోట ఉప్పు నాలుకకు సరిగా తెలియదు. సీసా వెనక్కి తిప్పి చూడండి. చాలావాటి మీద 100 గ్రాములకు సోడియం 900 మిల్లీగ్రాములు, ఆపైన కనిపిస్తుంది. సోడియం అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటోంది, అంటే 2,000 మిల్లీగ్రాముల సోడియం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదీ 5 గ్రాములే. రెండు టేబుల్‌స్పూన్ల కెచప్‌తో అందులో ఆరో వంతు అయిపోతుంది. ఫ్రెంచ్ ఫ్రైస్‌తో ఇచ్చే 8 గ్రాముల చిన్న ప్యాకెట్లు నాలుగు చింపితే రెండు టేబుల్‌స్పూన్లకు కాస్తే తక్కువ. పిల్లలు ఆ నాలుగూ ఇట్టే ఖాళీ చేస్తారు, వాళ్ల పరిమితి మనకంటే తక్కువ.

న్యాయంగా మరో మాట కూడా చెప్పాలి. స్పూను ఆవకాయలో స్పూను కెచప్ కంటే ఉప్పు చాలా ఎక్కువ. రోజుకు రెండు పూటలా ఊరగాయ తింటూ కెచప్‌ను మాత్రమే తిట్టుకుంటే బీపీ తగ్గదు.

అపోహ: అసలు ప్రమాదం ప్రిజర్వేటివ్‌లోనే ఉంది.

లేబుల్ మీద ఐఎన్ఎస్ 211 అని ఉంటే అది సోడియం బెంజోయేట్. అనుమతించిన మోతాదులో వాడినంతవరకు దాని గురించి టెన్షన్ పడొద్దు. కెచప్‌లో ఇంత చక్కెర ఉండటానికి ఒక కారణం ఈ బెంజోయేట్ కథలోనే ఉంది. 1900 ప్రాంతంలో అమెరికాలో చాలా కంపెనీలు ఫ్యాక్టరీలో మిగిలిన టమాటా ముక్కలు, తొక్కలతో పల్చటి కెచప్ చేసి, పాడవకుండా బెంజోయేట్ కలిపేవి. ప్రభుత్వ వ్యవసాయ శాఖలో ముఖ్య రసాయన శాస్త్రవేత్త హార్వీ వైలీ దానికి వ్యతిరేకంగా గట్టిగా పోరాడారు. 1906లో ఆహార కల్తీ నిరోధక చట్టం వచ్చింది. ఆ రోజుల్లోనే హైంజ్ కంపెనీ బాగా పండిన టమాటాలు తీసుకుని, వెనిగర్, చక్కెర పెంచి, బెంజోయేట్ లేకుండా కెచప్ నిలవ ఉండేలా చేసింది. ఆ చిక్కటి, తియ్యటి రుచే తర్వాత కెచప్ రుచిగా స్థిరపడిపోయింది. అందుకే "నో ప్రిజర్వేటివ్స్" అని ముందు పెద్దక్షరాల్లో ఉన్న సీసా కూడా వెనక్కి తిప్పి చక్కెర, సోడియం చూశాకే బుట్టలో వేయండి.

అపోహ: బార్బెక్యూ సాస్ ఇంట్లో చేసుకుంటే ఉప్పు దానంతటదే తగ్గుతుంది.

అమెరికాలో ఉంటున్న మన కుటుంబాలు ఎక్కువగా నమ్మేది ఇదే. వేసవిలో పెరట్లో గ్రిల్ వెలిగించడం వాళ్లకు అలవాటైపోయింది. షాపులో కొన్న సాస్‌లో రెండు టేబుల్‌స్పూన్లకు 300 మిల్లీగ్రాముల చుట్టుపక్కల సోడియం, 12 నుంచి 16 గ్రాముల చక్కెర ఉంటాయి. అది చూసి ఇంట్లో చేద్దామనుకుంటారు. మంచి ఆలోచనే. కానీ ఇంట్లో చేసే పద్ధతుల్లో చాలావాటికి మొదటి సరుకు "ఒక కప్పు కెచప్". చిటికెడు ఉప్పు వేయకముందే అక్కడ 2,000 మిల్లీగ్రాములు దాటిపోయింది. ఆపైన సోయా సాస్ ఒక టేబుల్‌స్పూన్ అంటే మరో 900. ఆపైన వూస్టర్‌షైర్ అనే పుల్లటి, ఉప్పటి నల్ల సాస్. (సంప్రదాయ పద్ధతిలో చేసే దీనిలో ఆంకోవీ అనే చిన్న చేపలు ఉంటాయి, శాకాహారులు చూసుకోవాలి.) ఆపైన గార్లిక్ పౌడర్ అనుకుని గార్లిక్ సాల్ట్. దానిలో ఎక్కువ భాగం ఉప్పే.

కాబట్టి టమాటాతో మొదలుపెట్టండి. నేను చెప్పే పద్ధతి ఇది. బాగా పండిన టమాటాలు కిలో, ఒక ఉల్లిపాయ, అయిదారు వెల్లుల్లి రెబ్బలు పెనం మీద గానీ మంట మీద గానీ తొక్క నల్లబడే దాకా కాల్చండి. ఈ కాల్చడం వదిలేయొద్దు, ఉప్పు తగ్గినా రుచి నిలబడేది ఇక్కడే. తొక్క తీసి, మెత్తగా రుబ్బి, వడగట్టి, సన్నటి సెగ మీద దాదాపు సగమయ్యే దాకా మరిగించండి. తర్వాత అర కప్పు వెనిగర్, మూడు టేబుల్‌స్పూన్ల బెల్లం పొడి, ఒక టేబుల్‌స్పూన్ చిక్కటి చింతపండు గుజ్జు, రెండు టీస్పూన్ల కాశ్మీరీ కారం, ఒక్కో టీస్పూన్ ఆవపిండి, మిరియాల పొడి, అర టీస్పూన్ వేయించిన జీలకర్ర పొడి వేసి పది నిమిషాలు ఉడకనివ్వండి. వూస్టర్‌షైర్ చేసే పని చింతపండు చేస్తుంది. ఉప్పు దింపాక చివర్లో వేయండి, పావు టీస్పూన్ చాలు. ముందే వేస్తే సాస్ మరిగి చిక్కబడేసరికి ఎక్కువవుతుంది. పొగ వాసన కావాలంటే కణకణలాడే బొగ్గును చిన్న గిన్నెలో పెట్టి, ఆ గిన్నెను సాస్ మధ్యలో ఉంచి, బొగ్గు మీద నాలుగు చుక్కల నూనె వేసి అయిదు నిమిషాలు మూత పెట్టండి. అమెరికాలో అయితే స్మోక్డ్ పాప్రికా (పొగబెట్టిన మిరపపొడి) దొరుకుతుంది, అదీ బాగానే ఉంటుంది.

ఇది సుమారు రెండు కప్పులు వస్తుంది. రెండు టేబుల్‌స్పూన్లకు సోడియం 40 మిల్లీగ్రాముల దగ్గర, బెల్లం నుంచి వచ్చే చక్కెర రెండు గ్రాముల పైచిలుకు.

అపోహ: బెల్లం, తేనె వేశాం కాబట్టి అది చక్కెర కింద రాదు.

వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు ఈ మూడింటినీ ఒకే లెక్కలో చూడాలి. పై సాస్‌లో బెల్లం వేయమన్నది రుచి కోసమే.

అపోహ: ఉప్పు తగ్గిస్తే సాస్ పాడైపోతుంది.

మన ఊరగాయల్లో నిలవ ఉంచేది ఉప్పు, అందుకే ఈ భయం. ఇలాంటి సాస్‌ను కాపాడేది ప్రధానంగా వెనిగర్ పులుపు. ఉప్పు తగ్గించినా ఫర్వాలేదు, వెనిగర్ మాత్రం తగ్గించొద్దు. అలాగని బయట పెట్టే వస్తువు కాదిది. ఫ్రిజ్‌లో వారం రోజులు పెట్టుకోండి. ఎక్కువ చేస్తే ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించి, కావలసినప్పుడు రెండు ముక్కలు కరిగించుకోండి.

అపోహ: పింక్ సాల్ట్ అయితే ఎంత వేసినా పర్లేదు.

సోడియం విషయంలో పింక్ సాల్ట్‌కూ మామూలు ఉప్పుకూ పెద్ద తేడా లేదు. "లో సోడియం సాల్ట్" వేరు, అందులో కొంత భాగం పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు దాన్ని వాడొచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, పొటాషియం పెంచే రకం బీపీ, గుండె మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా దాని జోలికి వెళ్లొద్దు. ఈ మాట నేను ఎంత గట్టిగా చెప్పినా సరిపోదు.

చికెన్ సంగతి కూడా చూసుకోవాలి. అమెరికా షాపుల్లో కొన్ని ప్యాకెట్ల మీద "15 శాతం దాకా ఉప్పునీరు లేదా బ్రాత్ (మాంసం ఉడికించిన నీరు) కలిసి ఉంది" అనే అర్థంలో చిన్న అక్షరాలు ఉంటాయి. అలాంటి మాంసాన్ని ఉప్పు వేసి నానబెడితే సాస్‌లో తగ్గించిందంతా వృథా. నానబెట్టడానికి పెరుగు, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం చాలు. సాస్ మొదట్నుంచీ పూయకండి, తీపి మాడిపోతుంది. చివరి పది నిమిషాల్లో పూస్తే పైపైనే అంటుకుంటుంది, తక్కువతోనే రుచి తెలుస్తుంది.

కిడ్నీ సమస్యతో పొటాషియం తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లకు చిక్కటి టమాటా సాస్ కూడా సరిపడదు, ఎందుకంటే మరిగించేకొద్దీ టమాటాలోని పొటాషియం కూడా చిక్కబడుతుంది. వాళ్లకు నేను చెప్పేది నార్త్ కరోలైనా తూర్పు ప్రాంతంలో పంది మాంసానికి వాడే పల్చటి సాస్. అందులో టమాటా ఉండదు. కప్పు వెనిగర్‌లో ఒక టీస్పూన్ ఎండుమిర్చి పలుకులు (చిల్లీ ఫ్లేక్స్), అర టీస్పూన్ మిరియాల పొడి, ఒక టీస్పూన్ చక్కెర కలిపి సీసాలో పోసి ఒక రాత్రి ఉంచితే చాలు. అక్కడివాళ్లు ఉప్పు కూడా వేస్తారు, మనం మానేద్దాం. గ్రిల్ నుంచి తీసిన వేడి చికెన్ మీద చిలకరిస్తే బాగుంటుంది.