కాగితం కాల్చొద్దంటే వియత్నాం ఎందుకు వినదు

వియత్నాంలో చాంద్రమానం ఏడో నెల పున్నమి దగ్గరపడిందంటే ప్రతి ఏటా ఇదే గొడవ. ఇంత కాగితం తగలబెట్టడం దండగ, పొగ, అగ్నిప్రమాదాలు అని ఒక పక్క చెబుతూనే ఉంటారు. ఇంకో పక్క హానోయ్ పాతబస్తీలోని హాంగ్ మా వీధిలో జనం కాగితపు చొక్కాలు, చెప్పులు, మోటార్ సైకిళ్ళు, ఐఫోన్లు, మేడలు, పరలోకపు బ్యాంకు పేరుతో అచ్చేసిన డాలర్ నోట్లు కొనుక్కెళ్తూనే ఉంటారు. పోయినవాళ్ళకి అక్కడ కావాల్సినవి ఇక్కణ్ణుంచే పంపాలి, కాలిస్తేనే అందుతాయి, అదీ నమ్మకం. మూఢనమ్మకం అని ఒక్క మాటతో కొట్టిపారేస్తే మాత్రం ఇది ఎందుకింత గట్టిగా పాతుకుపోయిందో ఎప్పటికీ అర్థం కాదు.

అసలు ఇది మొదలైందే పొదుపు కోసం. పూర్వం చైనాలో చనిపోయినవాళ్ళతో పాటు నిజమైన నాణేలు, పాత్రలు సమాధిలో పెట్టేవాళ్ళు, దొంగలు తవ్వుకుపోయేవాళ్ళు. ఆ తర్వాత మట్టి బొమ్మలు వచ్చాయి, కాగితం చవకయ్యాక కాగితం వచ్చింది. 738లో తాంగ్ చక్రవర్తి షువాన్‌జోంగ్ కొలువులో వాంగ్ యూ అనే అధికారి రాజపూజల్లోకే కాగితపు డబ్బుని తెచ్చాడు. అప్పటికి ఉత్తర వియత్నాం చైనా ఏలుబడిలోనే ఉంది. 938లో ఆ పెత్తనం పోయింది గానీ, ఈ పద్ధతి వియత్నాం ఇళ్ళల్లో వాళ్ళ సొంత ఆచారమై నిలబడిపోయింది.

ఊళ్ళు ఊళ్ళే దీనిమీద బతికాయి. చెక్క అచ్చు బొమ్మలకి పేరుపడ్డ బాక్ నిన్ రాష్ట్రపు డోంగ్ హో అనే ఊళ్ళో చాంద్రమాన కొత్త సంవత్సరానికి బొమ్మలు అచ్చేసి, ఆ సీజన్ అయిపోగానే ఏడో నెల కోసం కాల్చే కాగితం సరుకు చేసేవాళ్ళు. ఇప్పుడు అచ్చు బొమ్మలు పట్టుకుని ఉన్నవి కొద్ది కుటుంబాలే, మిగతావాళ్ళంతా కాగితం సరుకుకే మారిపోయారు, నాకైతే ఇది బాధగానే ఉంటుంది. మధ్య వియత్నాంలోని హువే నగరం దగ్గర సిన్ ఊళ్ళో అచ్చేసే బొమ్మలైతే పూజ కాగానే కాల్చేయడానికే.

ఇంట్లో ఎలా చేస్తారంటే, కొత్త సంవత్సరానికి పోయిన పెద్దలు ఇంటికొస్తారని నమ్మకం, మూడో రోజో నాలుగో రోజో భోజనం పెట్టి సాగనంపుతారు. అప్పుడు బంగారు కాగితం కాల్చి, బూడిద మీద కాస్త మద్యం చిలకరిస్తారు, పంపింది సరిగ్గా అందాలని. పక్కన పొడవాటి చెరుకు గడలు కూడా పెడతారు. ఇచ్చినవన్నీ కావడి కట్టుకుని మోసుకెళ్ళాలిగా! మన దగ్గర తద్దినం పెట్టే ఇంట్లో పెద్దవాళ్ళు పడే హడావిడి తెలిసినవాళ్ళకి ఆ శ్రద్ధ ఎలాంటిదో ఇట్టే అర్థమవుతుంది.

కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక ఉత్తరాన ఇది మూఢాచారాల లెక్కలోకి పోయింది, 1975లో యుద్ధం ముగిసి దక్షిణం కూడా వాళ్ళ చేతికొచ్చాక అక్కడా అదే రూలు. అయితే ఆ యుద్ధమే లక్షల మందిని ఇంటికి దూరంగా, అడవుల్లో, పేరులేని గుంతల్లో పడేసింది. సొంతింట్లో, అయినవాళ్ళ మధ్య పోకపోతే ఆత్మ ఆకలితో తిరుగుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. లక్షల మంది సైనికుల అవశేషాలు ఇప్పటికీ దొరకలేదు, దొరికినవాటిలోనూ ఎన్నో ఎవరివో తెలియదు. కొడుకు సమాధి ఎక్కడుందో తెలియని తల్లికి అతనికి ఏదైనా చేరేసే దారి ఇదొక్కటే మిగిలితే, మానెయ్యమని ఏ అధికారి ఎలా చెప్తాడు? అందుకే 1986లో దోయ్ మోయ్ పేరుతో మార్కెట్‌కి తలుపులు తెరిచిన ఆర్థిక సంస్కరణలు వచ్చి పట్టు కాస్త సడలగానే ఇదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. చేతిలో డబ్బు ఆడేకొద్దీ కాగితపు వస్తువులూ ఖరీదైనవయ్యాయి.

ఏడో నెలలో దిక్కులేని ఆత్మలకి కూడా గుమ్మం బయట పల్చటి గంజి, ఉప్పు, బియ్యం, పేలాలు పెడతారు. వాటి గొంతు సన్నగా ఉంటుందట, అందుకే పల్చటి గంజి. ఈ పున్నమినే బౌద్ధులు వు లాన్ అంటారు, ప్రేతలోకంలో ఉన్న తల్లిని బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు విడిపించిన రోజు. ఆ కథలో ఉన్నది భిక్షువులకి అన్నదానం, కాగితం ఊసే లేదు. 2018 ఫిబ్రవరిలో వియత్నాం బౌద్ధ సంఘం ఆలయాల్లో ఈ కాల్చడం మానిపించమని లేఖ రాసింది కూడా ఇలాంటి కారణంతోనే, బౌద్ధంలో ఈ ఆచారం లేదని.

ప్రభుత్వమైతే పన్ను దారి పట్టింది. 2008 చట్టంలో ఈ సరుకు మీద 70 శాతం ప్రత్యేక వినియోగ పన్ను వేశారు. ఉత్సవాల దగ్గర, చారిత్రక స్థలాల దగ్గర ఇష్టమొచ్చిన చోట కాలిస్తే జరిమానా కూడా ఉంది. నా మటుకు, జరిమానాలు గుళ్ళ దగ్గర సబబే, ఎందుకంటే అక్కడ కోరికలు తీరాలని కాగితపు గుర్రాలు, ఏనుగులు తెచ్చి కుప్పలుగా కాల్చేది వేరే సంగతి. ఇంటి పెద్దల కోసం రెండు కట్టలు కాల్చుకునేవాళ్ళని దాంతో కలిపి తిట్టడం మాత్రం న్యాయం కాదు. నగరాల్లో వాళ్ళే సర్దుకుంటున్నారు. అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ లోపల కాల్చకుండా, కింద అందరికీ కలిపి పెట్టిన కొలిమిలో ఒకరి తర్వాత ఒకరు కాల్చుకుంటున్నారు.