మాత్ర ఒకటే, మోతాదు మాత్రం లివర్ చేతిలో

నొప్పికీ దగ్గుకీ వాడే కోడీన్‌కి సొంతంగా నొప్పిని ఆపే బలం చాలా తక్కువ. మాత్ర మింగాక అది లివర్‌కి చేరాలి. అక్కడ సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ అందులో కొంత, మహా అయితే పదో వంతు, మార్ఫిన్‌గా మార్చాలి. నొప్పి తగ్గించేది ప్రధానంగా ఆ కాస్త మార్ఫినే. అంటే మనం వేసుకునేది ముడిసరుకు, అసలు మందు తయారయ్యేది ఒంట్లో. ట్రమడాల్ అనే మరో నొప్పి మందు కథ కూడా చాలావరకు ఇదే.

ఈ ఎంజైమ్ తాలూకు జన్యువు 22వ క్రోమోజోమ్ మీద ఉంది. దీనికి వందకు పైగా రూపాలున్నాయి. యూరప్ మూలాలున్నవాళ్లలో 5 నుంచి 10 శాతం మందికి ఈ ఎంజైమ్ అసలు పనిచెయ్యదు. కోడీన్ ఎంత వేసినా వాళ్ల నొప్పి దాదాపు అలాగే ఉంటుంది. "ఈ మాత్ర పనిచెయ్యట్లేదండీ, ఇంకోటేదైనా ఇవ్వండి" అని అడిగితే, మందుకి అలవాటుపడ్డాడేమోనని అనుమానంగా చూస్తారు. నిజానికి అతని ఒంట్లో మార్ఫిన్ తయారైతే కదా, అలవాటుపడటానికి!

కొందరిది దీనికి పూర్తిగా ఎదురు సమస్య. వాళ్లకు ఈ జన్యువు రెండు కాపీలకు బదులు మూడో, అంతకంటే ఎక్కువో ఉంటాయి. ఇథియోపియాలో పరీక్షించినవాళ్లలో 29 శాతం మందికి ఇలా అదనపు కాపీలు కనిపించాయి. టాన్సిల్స్ ఆపరేషనై ఇంటికొచ్చిన పిల్లవాడికి ఇలాంటి జన్యువులుంటే ఏమవుతుంది? అమ్మ చీటీలో రాసిన మోతాదే వేస్తుంది. లివర్ దాన్ని గబగబా మార్ఫిన్ చేసేస్తుంది. పిల్లవాడు ప్రశాంతంగా నిద్రపోతున్నట్టే ఉంటాడు, ఊపిరి మాత్రం నెమ్మదిస్తూ పోతుంది. ఇలాంటి మరణాలు బయటపడ్డాకే అమెరికాలో మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ 2013లో ఈ ఆపరేషన్ల తర్వాత పిల్లలకు కోడీన్ ఇవ్వొద్దని గట్టి హెచ్చరిక పెట్టింది. 2017లో 12 ఏళ్లలోపు పిల్లలకు నొప్పికైనా దగ్గుకైనా కోడీన్ వాడకూడదంది.

లివర్ దాటి మెదడుకి వెళ్దాం. మార్ఫిన్ అతుక్కునే రిసెప్టర్లు, అంటే తాళాల్లాంటి అణువులు, మెదడు కణాల మీద ఉన్నాయని 1973లో తేలింది. మార్ఫిన్ గసగసాల మొక్క నుంచి వచ్చేది కదా, ఆ మొక్క కోసం మన మెదడులో తాళాలెందుకున్నాయి? 1975లో జవాబు దొరికింది: మన ఒళ్లే ఎన్‌కెఫలిన్లనే సొంత తాళంచెవులు తయారుచేసుకుంటుంది. చిక్కేమిటంటే నొప్పి తగ్గడం, ఊపిరి నెమ్మదించడం, మనసుకి హాయి, మూడూ ముఖ్యంగా మ్యూ అనే ఒకే రకం రిసెప్టర్ పనులు. ఆ హాయికి తోడ్పడే డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాలను అదుపులో పెట్టే కణాలు వేరే ఉంటాయి. మార్ఫిన్ వాటిని నిద్రపుచ్చుతుంది. బ్రేకు మీంచి కాలు తీసినట్టు డోపమైన్ ఎగదన్నుతుంది.

ఈ రిసెప్టర్ జన్యువులో ఒక్క అక్షరం మారినవాళ్లకు ఆపరేషన్ తర్వాత మార్ఫిన్ కొంచెం ఎక్కువ కావాల్సి వస్తుందని చాలా అధ్యయనాల్లో కనిపించింది. తేడా చిన్నదే. దీన్ని పట్టుకుని "వ్యసనపు జన్యువు" అని ప్రచారం చెయ్యడం నాకు నచ్చదు. అలాంటి జన్యువు ఒకటంటూ లేదు.

ఆడా మగా తేడా ఇంకా తమాషాగా ఉంటుంది. ఎలుకల ప్రయోగాల్లో మార్ఫిన్‌తో ఆడవాటికి నొప్పి తక్కువగా తగ్గుతుంది, కానీ మత్తు కోసం మీట నొక్కడం అవే త్వరగా నేర్చుకుంటాయి. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ డోపమైన్‌ని పెంచడం అందుకు ఒక కారణం. మనుషుల్లో మరో మెలిక ఉంది. జ్ఞానదంతం తీయించుకున్నవాళ్ల మీద శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిపిన పరిశోధన 1996లో వచ్చింది. అందులో నాల్బుఫిన్, బ్యుటార్ఫనాల్ అనే మందులు మగవాళ్లకంటే ఆడవాళ్లకు బాగా పనిచేశాయి. ఇవి మ్యూ మీద కాక ఎక్కువగా కప్పా అనే రిసెప్టర్ మీద పనిచేసే మందులు.

2003లో తేలింది వింటే బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టే ఉంటుంది. ఎర్రజుట్టుకి కారణమైన ఎంసీ1ఆర్ జన్యువు రెండు కాపీలూ మారిన ఆడవాళ్లకు పెంటజోసిన్ అనే కప్పా మందు మిగతావాళ్లకంటే బాగా పనిచేసింది. అదే మార్పున్న మగవాళ్లలో ఏ తేడా లేదు. ఆ పరిశోధనలో మగవాళ్లను మాత్రమే చూసి ఉంటే ఈ సంగతి బయటపడేదే కాదు. అలా చూడటం అప్పట్లో వింతేమీ కాదు. పిల్లలు పుట్టే వయసున్న స్త్రీలను కొత్తమందుల తొలి పరీక్షలకు దూరంగా ఉంచాలని 1977లో ఎఫ్‌డీఏ సూచించింది. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి 1993 దాకా పట్టింది.

పోనీ, జన్యు పరీక్ష చేయిస్తే అంతా తేలిపోతుందా? గర్భంతో ఉన్నప్పుడు సీవైపీ2డీ6 జోరు పెరుగుతుంది, కాన్పయ్యాక మళ్లీ తగ్గుతుంది. డిప్రెషన్‌కి వాడే ఫ్లూఆక్సెటీన్ దాన్ని నొక్కేస్తుంది. కాబట్టి ఒకే మనిషికి ఒకే కోడీన్ మాత్ర నుంచి ఒక నెలలో ఎక్కువ మార్ఫిన్, ఇంకో నెలలో తక్కువ మార్ఫిన్ రావచ్చు. పరీక్ష రిపోర్టులో మాత్రం ఒక్క అక్షరం మారదు.