నలభై రొయ్యపిల్లలు, ఒక నెగెటివ్

కండలేరు క్రీక్ (సముద్రపు పాయ) పక్కన రొయ్యల గుంటలు చేసే ఒకాయన మొన్న టీ బంకు దగ్గర నన్ను పట్టుకున్నాడు. "సార్, సీడ్‌కి పీసీఆర్ చేయించినాం. నెగెటివ్ అన్నారు. నలభై రోజులకే వైట్ స్పాట్ ఎట్టా వచ్చింది?"

సీడ్ అంటే గుంటలో వదిలే రొయ్యపిల్లలు, పీసీఆర్ అంటే వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష, వైట్ స్పాట్ అంటే తెల్లమచ్చ వైరస్ జబ్బు. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. కరోనా రోజుల్లో ఎంతమంది అడిగారో! బావకి నెగెటివ్ వచ్చింది, ధైర్యంగా ఇంటికి పిలిచి భోజనం పెట్టాం, వారం తిరక్కుండా అందరం మంచమెక్కాం, ఎలా సార్ అని.

రాష్ట్రంలో మొదటి కరోనా కేసు 2020 మార్చిలో మా నెల్లూరులోనే బయటపడింది. పీసీఆర్ అనే మాట అప్పుడు చాలామందికి కొత్త. మా తీరంలో రైతులకు మాత్రం పాత చుట్టమే. 1990ల నడిమికి తెల్లమచ్చ వైరస్ వచ్చి టైగర్ రొయ్యను ఊడ్చిపెట్టాక, సీడ్‌ని పరీక్ష చేయించి కొనడం అలవాటైంది. ఆ జబ్బు తగిలితే వారం పది రోజుల్లో గుంట ఖాళీ. మందు లేదు. మనలాగా యాంటీబాడీలు రొయ్య ఒంట్లో తయారుకావు, అందుకని మన టీకాల్లాంటివీ దానికి లేవు. జబ్బును గుంటలోకి రానివ్వకపోవడం ఒక్కటే దారి. మనకు టీకాలు వేయడం మొదలైంది 2021 జనవరి 16న. ఆ రోజు దాకా మనమూ రొయ్యలమే.

వైరస్ అంటే ఏమిటో నేను చెప్పను. అప్పట్లో టీవీలో చెవులు చిల్లులు పడేలా చెప్పారు. నన్ను పట్టుకున్నది ఒక చిన్న లెక్క.

హేచరీ (రొయ్యపిల్లల్ని పుట్టించే చోటు) తొట్టిలో వందకి రెండు పిల్లలకు వైరస్ ఉందనుకోండి. పరీక్ష ఎప్పుడూ తప్పు చెప్పదనీ అనుకుందాం. ఒక పిల్లను తీస్తే అది మంచిది అయ్యే అవకాశం 0.98. పది తీస్తే, 0.98ని పదిసార్లు గుణించాలి: 0.82. అంటే ఆ తొట్టికి వందలో 82 సార్లు 'నెగెటివ్' కాగితం వస్తుంది! యాభై తీస్తే 36 సార్లు. 150 తీస్తే గానీ అది 5కి దిగదు. సీడ్ పరీక్షకి 150 పిల్లలు తీయాలనే పద్ధతి ఇక్కడి నుంచే వచ్చింది. అదేదో శుభసంఖ్య కాదు.

తొట్టిలో లక్ష ఉన్నా పది లక్షలున్నా అదే 150. పది మందికి వండిన పప్పయినా, పెళ్లి గుండిగలో పప్పయినా ఉప్పు చూడ్డానికి ఒక్క గరిటె చాలదూ? కాకపోతే బాగా కలిపి ఉండాలి. జబ్బుపడ్డ పిల్లలు నీరసంగా ఒకచోట చేరితే, పైపైన ముంచిన గ్లాసులోకి అవి రావు. మనుషుల్లో ఈ 'కలపకపోవడం' కాలంలో ఉంటుంది. వైరస్ సోకిన మర్నాడే ముక్కులో పుల్ల పెడితే దొరకదు, అదింకా పెరగలేదు. నాలుగైదు రోజులాగితే దొరుకుతుంది. బావగారు ఆగలేదు.

ఇంకా ఘోరం చూడండి. వందకి రెండు కాదు, వెయ్యికి రెండే అనుకుంటే, 150 తీసినా వందలో 74 సార్లు నెగెటివే. కానీ ఎకరాకి లక్ష పిల్లలు వదిలితే అందులో 200 జబ్బువి! చచ్చిన రొయ్యను బతికిన రొయ్య పీక్కు తింటుంది. ఇక ఆ 200 చాలవూ?

(టెన్త్‌లో సంభావ్యత పాఠం ఇప్పటికీ నాణేలు, పాచికలతోనే చెబుతున్నారు. కోట, ముత్తుకూరు, కొత్తపట్నం పిల్లలకు సీడ్ తొట్టితో చెబితే ఇంటికెళ్లి నాన్నకు పాఠం చెప్పరూ!)

కరోనా రోజుల్లో ఇదే లెక్కను తిరగేసి కిట్లు ఆదా చేశారు. 2020 ఏప్రిల్‌లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అయిదుగురి నమూనాలు కలిపి ఒకే పరీక్ష చేయొచ్చంది, పాజిటివ్‌లు వందకి రెండు లోపున్న చోట్ల. 0.98ని అయిదుసార్లు గుణిస్తే 0.90, అంటే పది కట్టల్లో తొమ్మిది నెగెటివే. వంద మందికి 20 కట్టలు, వాటిలో పాజిటివ్ వచ్చేవి సుమారు రెండు, ఆ పది మందికి మళ్లీ విడివిడిగా. మొత్తం 30 పరీక్షలతో వంద మంది పని అయిపోయింది. అయిదుగురివి కలిపితే వైరస్ పలచబడదా అంటే, పడుతుంది. కానీ పీసీఆర్‌లో ఒక్కో సైకిల్‌కి జన్యుపదార్థం రెండింతలవుతుంది కదా, అయిదో వంతుకి తగ్గినదాన్ని రెండు మూడు సైకిళ్లు ఎక్కువ తిప్పి అందుకోవచ్చు.

మా దగ్గర గట్ల మీద దిష్టి గుమ్మడికాయ కడతారు, పీసీఆరూ చేయిస్తారు. పంట బాగా వస్తే పేరు గుమ్మడికాయకే. పోతే తిట్లు ల్యాబుకి.

జబ్బు మోసుకొచ్చే పీతలు రాకుండా గుంట చుట్టూ వల, కాకులు వాలకుండా పైన దారాలు, ఏ గుంట బకెట్ ఆ గుంటకే. వీటిని పాటించే రైతులే 2020లో ఊరి పొలిమేరలో ముళ్లకంప వేశారు. బాగానే ఉంది. ఆ కంప దగ్గర పది మంది గుంపుగా కూర్చుని, మాస్కు గడ్డం కిందికి లాగి పేకాడారు.

వలలూ దారాలూ ఎన్నున్నా నీళ్లు ఎక్కడివి? అందరూ తోడేది ఆ క్రీక్‌లోంచే, వదిలేదీ దాన్లోకే. జబ్బు గుంటలో బ్లీచింగ్ వేసి, కొన్నాళ్లు నిలవుంచి వదలాలి. వేసినవాడికి పైసా లాభం లేదు, అతని రొయ్యలు అప్పటికే పోయాయి. లాభమంతా పక్కవాడిది. జలుబు చేసినవాడు పెట్టుకునే మాస్కు సరిగ్గా ఇలాంటిదే.

టీ బంకు దగ్గర ఆయన్ని రెండే అడిగాను. పరీక్షకి ఎన్ని పిల్లలు ఇచ్చావని మొదటిది.

"ఓ నలభై ఉంటాయి సార్."

వందకి రెండు లెక్కన నలభై అంటే వందలో 45 సార్లు జబ్బు పరీక్షకి దొరక్కుండా తప్పించుకున్నట్టే. చెప్పాను. పై గుంటలో రొయ్యలు ఎప్పుడు పట్టారన్నది రెండోది.

"మాకంటే పది రోజుల ముందే వాళ్లకి తగిలింది. రాత్రికి రాత్రి పట్టి, నీళ్లు క్రీక్‌లోకి వదిలేశారు." గ్లాసు బల్ల మీద పెట్టి కాసేపు కాలువ వైపు చూశాడు. "పోయినేడు నేనూ అట్టానే వదిలా సార్."