రంగం పెట్టె

బరంపురం

అమ్మడూ,

మొన్న కారైకుడి నుంచి నువ్వు ఫోన్ చేసినప్పుడు నీ గొంతులో చిన్నబోయిన ధ్వని వినిపించింది. కాలేజీవాళ్ళతో టూరు వెళ్ళి చెట్టినాడు మేడలు చూశానన్నావు. కౌగిలికి అందని టేకు స్తంభాలు, అద్దంలా మెరిసే గోడలు, ఒక వీధిలో మొదలై వెనక వీధిలో తేలే ఇళ్ళు. అదంతా బర్మా టేకు, బర్మా సొమ్ము అని అక్కడి గైడు చెప్పాడన్నావు. "తాతయ్యా, మన ముత్తాత కూడా బర్మాయే కదా వెళ్ళాడు? మరి మనకి ఆ రేకు పెట్టె ఒక్కటే ఎందుకు మిగిలింది? వాళ్ళకున్న తెలివి మనకి లేదా?" అని అడిగావు.

ఫోన్లో నాకు నోట మాట రాలేదు. అందుకే ఈ ఉత్తరం. తమ్ముడికీ, పిన్ని పిల్లలకీ కూడా చదివి వినిపించు. వాళ్ళు ఒడియా బడిలో చదువుకున్నారు, తెలుగు అక్షరాలు రావు, నువ్వే చదివి పెట్టాలి.

మీరు బర్మా అంటారు గానీ మా చిన్నప్పుడు ఇళ్ళలో అందరూ రంగం అనేవారు. రంగూన్ మన నోట్లో రంగం అయింది. "ఆయన రంగం వెళ్ళాడు" అంటే ఇక ఎవరూ ఇంకో ప్రశ్న అడిగేవారు కాదు. మనం సాయంత్రాలు వెళ్ళే గోపాల్‌పూర్ ఒడ్డున కూలిన గోడలూ మొండి స్తంభాలూ ఉన్నాయి చూశారా, ఒకప్పటి రేవు అదే. అక్కడ ఓడ ఒడ్డుకి రాదు, దూరంగా లంగరు వేసుకుని ఉండేది. మన జాలర్లు మసూలా పడవల్లో మనుషుల్ని కెరటాలు దాటించి ఓడ దగ్గరికి చేర్చేవాళ్ళు. కళింగపట్నం, భీమిలి, విశాఖపట్నం, కాకినాడ, ఇలా తీరం పొడుగునా మనవాళ్ళు ఓడలెక్కారు. బర్మావాళ్ళు మనల్ని కోరంగీలు అని పిలిచేవాళ్ళు. కాకినాడ పక్కనున్న కోరింగ రేవు పేరే అది. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో పది లక్షలకు పైగా భారతీయులున్నారు, అందులో తెలుగువాళ్ళే లక్షన్నర దాటారు. రంగూన్ నగరంలో అయితే సగం మందికి పైగా మనదేశంవాళ్ళే.

నువ్వు చూసిన మేడలు కట్టిన చెట్టియార్లు, అంటే తమిళనాట చెట్టినాడు వడ్డీ వ్యాపారులు, వెళ్ళింది కూడా ఆ కాలంలోనే, ఆ సముద్రం దాటే. మనకన్నా సంఖ్యలో చాలా తక్కువ. చిత్రమేమిటంటే కొన్ని విషయాల్లో ఇద్దరూ ఒక్కలాగే బతికారు. వాళ్ళూ పెళ్ళాం పిల్లల్ని ఊళ్ళో వదిలే వెళ్ళారు, మనవాళ్ళూ అంతే. వాళ్ళ ఏజెంటు మూడేళ్ళకోసారి ఇంటికి వచ్చేవాడు, మన కూలీ కూడా చేతనైతే రెండు మూడేళ్ళకు ఒకసారి వచ్చిపోయేవాడు. కష్టం మాటకొస్తే మా నాన్న పడ్డంత కష్టం ఏ చెట్టియారూ పడి ఉండడు. మరి తేడా ఎక్కడ వచ్చింది? నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. అది రంగంలో వచ్చింది కాదు. ఓడ ఎక్కకముందే వచ్చింది.

అడ్వాన్సు అనే మాట మీకు తెలుసు. చెట్టియార్ల వడ్డీ కొట్టు తరఫున బర్మాకి వెళ్ళే ఏజెంటుకి మూడేళ్ళ ఒప్పందం ఉండేది. జీతంలో కొంత ముందుగానే ఇచ్చేవారు. ఇంటిదగ్గరవాళ్ళు దాంతో నిశ్చింతగా తినేవారు. పైగా కొట్టుకి లాభమొస్తే ఆ లాభంలో అతనికి వాటా. మా నాన్నకీ అడ్వాన్సే ఇచ్చారు. మేస్త్రీ, అంటే కూలీల్ని పోగుచేసి తీసుకెళ్ళేవాడు, ఊరికి వచ్చి ఇంట్లో కొంత డబ్బు పెట్టి, ఓడ ఛార్జీ తనే కట్టి, కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. మాట ఒక్కటే. ఒకరికి అది జీతం, ఇంకొకరికి అప్పు. ఒకతను రంగూన్ ఒడ్డున దిగేటప్పటికి అతని కుటుంబం ఒడ్డున పడింది. మా నాన్న దిగేటప్పటికి పీకలదాకా మునిగి ఉన్నాడు.

రేకు పెట్టె మూత లోపల అంటించిన అట్ట ఉంది కదా, దాని కింద నాన్న ఒక చీటీ దాచుకున్నాడు. మీకెప్పుడూ చూపించలేదు. మేస్త్రీ గుమాస్తా రాసిన లెక్క అది. ఓడ ఛార్జీ, బియ్యం, గది అద్దె, కంబళి, పండగ బాకీ. అన్నిటికీ ఎదురుగా అంకెలు, అడుగున వడ్డీ. కుడి పక్క మూల నల్లటి వేలిముద్ర, గీతలు ఇప్పటికీ లెక్కపెట్టవచ్చు. ఆ కాగితం మీద ఏముందో నాన్నకి తెలియదు. నేను బడిలో మూడో తరగతికి వచ్చాక నా చేత మొదటిసారి చదివించుకున్నాడు. "బియ్యం అంత తిన్నానా?" అన్నాడు, అంతే. ఆ సాయంత్రం ఇంకేం మాట్లాడలేదు. నేను మాస్టరునయ్యానంటే దానికి ఆ చీటీయే కారణం.

చెట్టియార్ల ఇళ్ళలో మగపిల్లాడికి పదేళ్ళు దాటగానే కొట్టులో కూర్చోబెట్టి లెక్కలు నేర్పేవారు. గుమాస్తాగా మొదలై, మెల్లిగా ఏజెంటై, తర్వాత సొంత కొట్టు పెట్టుకునే దారి వాళ్ళకి కళ్ళ ముందే ఉండేది. బర్మాలో వాళ్ళున్న ప్రతి పెద్ద ఊళ్ళోనూ మురుగన్ కోవెల కట్టుకున్నారు. అది దేవుడికీ, వ్యాపారానికీ కూడా. అందరూ అక్కడ చేరి ఆ నెలకి వడ్డీ రేటు ఎంతో తేల్చుకునేవారు, తగవులు తీర్చుకునేవారు. ఒకడికి డబ్బు తక్కువైతే పక్కవాడు సర్దేవాడు. ఒక ఊళ్ళో రాసిన హుండీ, అంటే డబ్బు చెల్లించమని రాసిన చీటీ, ఇంకో ఊళ్ళో చెల్లేది. ఇంగ్లీషువాళ్ళ బ్యాంకులు బర్మా రైతు ముఖం చూడవు గానీ చెట్టియారుకి అప్పిచ్చేవి. వాళ్ళ పెట్టుబడిలో ఎక్కువ భాగం మాత్రం సొంత కులంవాళ్ళదే.

మనవాళ్ళకి ఇవేవీ లేవు. వెళ్ళినవాళ్ళది ఒక కులం కాదు, ఒక ఊరు కాదు. ఓడల కంపెనీ డబ్బు సరుకు ఎక్కించి దించే పని పట్టిన స్టీవడోరుకి, అతని నుంచి కంట్రాక్టరుకి, అక్కణ్నుంచి పెద్ద మేస్త్రీకి, ఆయన నుంచి చిన్న మేస్త్రీకి, చివరికి కూలీకి. ప్రతి చేతిలోనూ కొంత రాలేది. ఆ చిన్న మేస్త్రీ కూడా తెలుగువాడే, చాలాసార్లు మన ఊరివాడే. మనవాడిని మనవాడే ముంచాడని అనడం నాకు సుఖంగా లేదు, కానీ జరిగింది అదే. నాన్న రేవులో బియ్యం బస్తాలు మోశాడు. పడవకీ జెట్టీకీ మధ్య ఒక పలక ఉంటుంది, వానలో అది జారుతుంది. బస్తా వీపు మీద ఉండగా దాని మీద పరిగెత్తాలి, నడిస్తే పలక ఊగి నీళ్ళలో పడేస్తుంది. డెబ్భై ఏళ్ళ వయసులో కూడా ఆయన గుమ్మం దాటేటప్పుడు అడుగు గబగబా వేసేవాడు. మీ నానమ్మ "ఎవరు తరుముతున్నారు?" అనేది.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. ఆ మేడల టేకు స్తంభం చూసి చెట్టియార్లు తెలివైనవాళ్ళు అనుకుని ఊరుకోకు. ఆ డబ్బు ఎక్కడిదో కూడా చూడు. ఐరావతి డెల్టాలో బర్మా రైతులు అడవి కొట్టి వరి పండించారు, అందుకు అప్పిచ్చింది చెట్టియార్లే. ఆ అప్పు లేకపోతే బర్మా ప్రపంచంలో అంత బియ్యం ఎగుమతి చేసే దేశం అయ్యేదే కాదు, అది ఒప్పుకోవాలి. కానీ 1930లో ధాన్యం ధర కూలింది. రైతు అప్పు కట్టలేకపోయాడు, భూమి పోయింది. దిగువ బర్మాలో వరి బాగా పండే 13 జిల్లాల్లో 1930లో నూటికి ఆరు వంతుల భూమి చెట్టియార్ల చేతిలో ఉంటే, 1938కల్లా అది నూటికి ఇరవై అయిదు అయింది. వాళ్ళకి భూమి మీద మోజు కూడా లేదు, డబ్బే కావాలి. అయినా భూమి పోయిన రైతుకి ఆ సంగతి ఎందుకు?

ఆ కోపం ఎవరి మీద పడిందో తెలుసా? వీధిలో దొరికేవాడి మీద. 1930 మే నెలలో రంగూన్ రేవులో మన తెలుగు కూలీలు కూలి పెంచమని పని మానేశారు. వాళ్ళ బదులు బర్మావాళ్ళని పెట్టుకున్నారు. కొన్నాళ్ళకి కూలి కాస్త పెంచి మనవాళ్ళని తిరిగి పిలిచి, బర్మావాళ్ళని పొమ్మన్నారు. మే 26న గొడవలు మొదలై వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువగా మన కూలీలే. ఇద్దరు పేదల మధ్య పెట్టిన తగవు అది. నాన్న ఆ తర్వాతే వెళ్ళాడు. 1938లో మళ్ళీ గొడవలు జరిగినప్పుడు భయపడి ఇంటికి వచ్చేశాడు. ఆ రేకు పెట్టె, అందులోని నల్ల లక్క డబ్బా, గళ్ళ లుంగీ అప్పుడు తెచ్చినవే. ఇక్కడ అప్పు తీరక ఏడాది తిరక్కుండానే మళ్ళీ వెళ్ళాడు.

రెండోసారి పెట్టె లేదు, ఏమీ లేదు. 1941 డిసెంబర్ 23న, మళ్ళీ 25న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు కూలీలు వేలకొద్దీ రంగూన్‌కి ఉత్తరాన ఉన్న ప్రోమ్ ఊరి దారి పట్టారు. ఓడల్లో సరుకు దించేవాళ్ళు లేరని అధికారులు నచ్చచెప్పి కొందరిని వెనక్కి పంపారు కూడా. టిక్కెట్టు కొనగలిగినవాళ్ళు ఓడలో వెళ్ళారు. మిగిలినవాళ్ళు నడిచారు. మొత్తం నాలుగైదు లక్షల మంది నడిచారు, వేలకు వేలు దారిలోనే పోయారు. నాన్న టాంగప్ కనుమ దాటి అరకాన్ తీరానికి వెళ్ళి, అక్కణ్నుంచి పడవలో చిట్టగాంగు చేరాడు. కనుమలో నీళ్ళు లేవు, కలరా ఉంది. తనతో బయలుదేరిన మన ఊరివాళ్ళు ఆరుగురు, ఇల్లు చేరింది ఇద్దరు. ఆ నలుగురి పేర్లూ ఆయన మహాలయ అమావాస్య నాడు తన తండ్రి పేరుతో పాటు చెప్పి నీళ్ళు వదిలేవాడు.

చెట్టియార్లకి మాత్రం నష్టం రాలేదా? మనకన్నా ఎన్నో రెట్లు వచ్చింది. 1948లో బర్మాకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే భూముల జాతీయీకరణ చట్టం చేశారు. ఆ భూమంతా పోయింది. కానీ అప్పటికే వాళ్ళ కాలు ఒకటి ఒడ్డున ఉంది. 1937లో చిదంబరం చెట్టియార్ ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు పెట్టినప్పుడు కారైకుడి, మద్రాసు, రంగూన్ మూడు చోట్లా ఒకేసారి శాఖలు తెరిచాడు. బర్మాలోని మౌల్మీన్‌లో 1900లో మొదలైన మురుగప్ప కుటుంబ వ్యాపారం యుద్ధం రాకముందే మనదేశానికి మారిపోయింది. చిదంబరంలో అన్నామలై విశ్వవిద్యాలయం 1929లో పెట్టింది అన్నామలై చెట్టియార్. నువ్వు చూసిన కారైకుడిలో అళగప్ప చెట్టియార్ కాలేజీ 1947లో వచ్చింది. బర్మా పోయినా బడి మిగిలింది. నాకు ఆ మేడలకన్నా ఈ బడుల మీదే అసూయ.

అయినా ఆ వీధుల్లో తాళాలు వేసిన మేడలు కూడా నువ్వు చూసే ఉంటావు. అందరు చెట్టియార్లూ నిలబడలేదు. జీతానికి పనిచేసిన గుమాస్తాలు ఎందరో రోడ్డున పడ్డారు. ఇల్లు విప్పి తలుపులు, స్తంభాలు పాత సామాన్ల కొట్లకి అమ్ముకున్నవాళ్ళున్నారు.

మనవాళ్ళ కథ 1942తో అయిపోలేదు. 1962లో అక్కడ సైన్యం గద్దెనెక్కాక కొట్లు, వ్యాపారాలు ప్రభుత్వం తీసేసుకుంది. మిగిలిన తెలుగువాళ్ళలో కూడా చాలామంది ఓడలెక్కి వచ్చేశారు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అని ఇప్పటికీ అంటారు. చూడు, ఒకరికి వెనక్కి వస్తే బ్యాంకు ఉంది, ఇంకొకరికి క్యాంపు.

ఇక తెలివి సంగతి. మన బరంపురం పట్టు నేసే దేరావాళ్ళు ఎవరనుకున్నావు? తెలుగువాళ్ళే. రాజమండ్రి వైపు నుంచి, ఇక్కడి మహురి రాజు పిలిస్తే వచ్చారు. రాజు పిలిచాడు, మగ్గం వాళ్ళది, పెద్ద కూడా వాళ్ళలోంచే. ఆ పెద్దని దేశి బెహరా అంటారు. రెండేళ్ళకోసారి బుధి ఠాకురాణి జాతర వచ్చినప్పుడు ఊరి దేవతని ఆ ఇంటి ఆడపడుచుగా తీసుకొస్తారు, చిన్నప్పుడు నా భుజాల మీద కూర్చుని చూశావు. పరాయి ఊళ్ళో దేవతకే పుట్టిల్లు అయ్యారు వాళ్ళు. అదే భాష, అదే తీరం మనుషులు. ఒకరు పిలిస్తే వచ్చారు, ఇంకొకరు అప్పు మీద వెళ్ళారు. రక్తంలో తేడా ఉందని ఎవరైనా నీతో అంటే ఈ రెండు కథలూ చెప్పు.

ఇంకా రాయాలని ఉంది గానీ ఆపాలి. మనింటికి పాలు పోసే ఆమె కొడుకు పొద్దున్న వచ్చాడు. ఎక్కడో ఇటుక బట్టీకి వెళ్తున్నాడట, కూలీల్ని కుదిర్చే సర్దారు దాదన్ కింద, అంటే అడ్వాన్సుగా, డబ్బిచ్చి కాగితం చేతిలో పెట్టాడు, చదివి పెట్టమని వాళ్ళమ్మ పంపింది. అడ్వాన్సు ఎంతో అంకెల్లో రాసి ఉంది, అక్షరాల్లోనూ ఉంది. రోజుకి కూలి ఎంత అన్న చోట మాత్రం ఖాళీ వదిలేశారు. అది నింపించుకుని రా, అప్పటిదాకా వేలు పెట్టకు, సంతకం చెయ్యకు అని చెప్పి పంపాను. సాయంత్రం సర్దారుని వెంటబెట్టుకుని వస్తానన్నాడు.

దసరాకి రా. చీటీ తీసి ఉంచుతాను.

దీవెనలతో,
తాతయ్య